సముద్రతీర వాహ్యాళి యెవ్వరికి సులభము?

సముద్రమును జూచుటకు రుసుము లేదు. సముద్రపు గాలికి వెల లేదు. కావున తీరమునందలి వాహ్యాళి ధనికులకును బీదలకును, బలవంతులకును దుర్బలులకును సమానముగా లభించునని మనము తలంచుచుందుము. ఈ తలంపు సగము మాత్రమే సత్యము. తీరము ప్రకృతి యొసంగినది. తీరమున సుఖముగా నడుచుటకు దగిన దారి మనుష్యులు నిర్మించినది. నిర్మించువారు ఎవరి కాళ్లను మనసునం దుంచుకొని నిర్మింతురో వారికే యా దారి సులభమగును. బాలురు, గర్భిణులు, వృద్ధులు, ఊతకఱ్ఱతో నడచువారు, చక్రముల కుర్చీలో సంచరించువారు నిర్మాతల తలపునకు వచ్చుటకు మిక్కిలి కాలము పట్టినది. చెన్నపురియందలి మెరీనా తీరచరిత్రమును నిదర్శనముగా గైకొని యీ విషయమును చదువరులకు విన్నవింపదలచితిమి.

మన పూర్వులకు సముద్రము క్రొత్త గాదు. పర్వదినములందు స్నానమునకై పోయిరి. ఓడలపై వర్తకము చేసిరి. మత్స్యకారులు తరతరములుగా దానినే నమ్ముకొని జీవించిరి. కాని యారోగ్యముకొఱకును వినోదముకొఱకును తీరము వెంబడి నడచు నాచారము నేటి రూపమున వ్యాపించినది ఇంగ్లాండునుండి. 18వ శతాబ్ది మధ్యమున రిచర్డు రస్సెలు అను వైద్యుడు సముద్రజలము రోగహారియని గ్రంథము వ్రాసి, బ్రైటన్ తీరమునకు రోగులను రప్పించెను. 1789లో మూడవ జార్జిరాజు అస్వస్థతనుండి తేరుకొని వేమత్ తీరమునకు బోయెను. రాజు పోయిన త్రోవనే ప్రభువులును, వారి వెనుక వర్తకులును బోవ నారంభించిరి. క్రమముగా తీరపట్టణములలో చదునైన నడకదారులు వెలసినవి. చక్రములుగల ‘బాత్ కుర్చీ’లో రోగులను గూర్చుండబెట్టి సేవకులు తిప్పుటకు ఆ దారులు అనువుగా నుండెను.

అదే దేశపు నైరృతితీరమున సుమారు 630 మైళ్ల కాలిబాట మఱియొకటి కలదు. సుంకము చెల్లింపక సరకులు దింపువారిని బట్టుటకై కాపలావాండ్రు తీరపు ప్రతి మలుపును తొంగిచూచుచు నడచిన త్రోవలే దానికి మూలము. అది ఎక్కుడు దిగుడులతో నిండి, గట్టి కాళ్లవారికి సైతము శ్రమ కలిగించును. రెండును సముద్రతీరపు దారులే. ఒకటి దుర్బలునికి గూడ పనికివచ్చెను. రెండవది కాపలావాని కాళ్లకే తగియుండెను. భేదము సముద్రమున లేదు, నిర్మాణోద్దేశమున గలదు.

ఇంగ్లీషువారు ఈ వాహ్యాళి యాచారమును, 1996 నుండి చెన్నై యని వ్యవహరింపబడుచున్న చెన్నపురికి గూడ గొనివచ్చిరి. కాని 19వ శతాబ్ది మధ్యమున అచ్చట నేటి విశాలమైన యిసుకమేట లేదు. అమెరికానుండి ఓడలలో వచ్చు మంచుగడ్డలను నిలువజేయుటకై 1842లో గట్టిన ‘ఐస్ హౌస్’ అప్పుడు అలలకు జేరువగా నుండెను. నేడు దాని ముందు వందలకొలది మీటర్ల యిసుక పఱచుకొనియున్నది. ఈ మార్పునకు నౌకాశ్రయము కారణము. 1876లో ఆ పని ప్రారంభమై సముద్రములోనికి రాతికట్టలు కట్టబడెను. 1881లో తుపాను వాటిని చెడగొట్టినను పని విడువబడలేదు. ఈ తీరమున సంవత్సరమునం దధికభాగము అలలు ఇసుకను దక్షిణమునుండి యుత్తరమునకు దోయుచుండును. కట్ట యడ్డుపడగా ఇసుక దానికి దక్షిణమున నిలిచిపోయెను. ఉత్తరమున రాయపురము వైపునకు జేరవలసిన యిసుక చేరకపోగా, అచ్చటి యొడ్డు కోతకు గుఱియయ్యెను. ఒకచోట వాహ్యాళికి స్థలము దొరకుటయు, మఱియొకచోట మత్స్యకారుల వాడలు అలల పాలగుటయు నొకే కట్టయొక్క ఫలములు.

1881 మొదలు 1886 వఱకు చెన్నపురి గవర్నరుగా నుండిన గ్రాంట్ డఫ్ ఈ క్రొత్త యిసుక ప్రక్కన 1884లో నడకదారి నొకదానిని వేయించి, సిసిలీ ద్వీపమునందలి జ్ఞాపకములనుబట్టి దానికి ‘మెరీనా’ యని పేరిడెను. దారి చదునుగా నుండెను. ఎదుట సెనేటు భవనమును, వీరేశలింగము పంతులుగారు కొంతకాలము తెలుగు బోధించిన ప్రెసిడెన్సీ కళాశాలయు నిలిచియుండెను. సాయంకాలమున గుఱ్ఱపుబండ్లపై వచ్చి గాలి పీల్చుకొనువారికి అది మనోహరస్థలమయ్యెను. కాని చదునైన దారి యున్నంత మాత్రమున నది యెల్లవారిదియు గాదు. దొరలును, దొరలవలె బండ్లు గలవారును మొదట దానిని దమదిగా భావించిరి.

దానిని ప్రజలదిగా జేసినది స్వాతంత్ర్యోద్యమము. 1907లో బిపిన్‌చంద్రపాలుగారు తెలుగు పట్టణములలో బర్యటించి చెన్నపురికి వచ్చి యీ యిసుకపై నుపన్యసించిరి. 1919లో గాంధీమహాత్ముడు సత్యాగ్రహమును గుఱించి యిచ్చటనే ప్రసంగించెను. 1930లో చెన్నపురి తీరమున ఉప్పు సత్యాగ్రహము జరిగినపుడు ప్రకాశము పంతులుగారు నాయకత్వము వహించిరి. దుర్గాబాయమ్మగారు ముందునకు వచ్చి కారాగారమునకు బోయిరి. స్త్రీ వీథిలోనికి వచ్చుటయే తప్పని తలంచువా రనేకులున్న కాలమున, ఒక తెలుగు యువతి బహిరంగముగా ఉద్యమము నడిపించుట సామాన్యవిషయము గాదు. తీరమున నిలుచు హక్కు అడిగి తెచ్చుకొన్నది గాని యూరక వచ్చినది గాదని దీనివలన దెలియుచున్నది.

హక్కులు కొందఱికి వచ్చునపుడు మఱికొందఱివి పోవుటయు గలదు. 1985లో తీరమును సుందరముగా జేయవలెనను పేర మత్స్యకారుల పడవలను, వలలను మెరీనానుండి తొలగింప బ్రయత్నించిరి. వారు ప్రతిఘటింపగా పోలీసుకాల్పులు జరిగి ప్రాణనష్టము సంభవించెను. తీరము వారికి వాహ్యాళిస్థలము గాదు, జీవనస్థలము. షికారు వచ్చువాని కంటికి ఆరవేసిన వల యడ్డమని తోచినచో, ఆ కంటిని దిద్దుకొనవలెనే కాని వలను దీసివేయరాదు.

ఇన్ని పోరాటములు జరిగినను, ఇసుక నడుమనుండుటచేత సముద్రపుటంచును జేరలేనివారి సంగతి చిరకాలము మఱుగుననే యుండెను. పొడి యిసుకలో చక్రము కూరుకొనును, ఊతకఱ్ఱ దిగబడును, మోకాళ్లనొప్పి గల వృద్ధురాలు పది యడుగులకే నిలిచిపోవును. నడకదారి మీదనుండి అలల చప్పుడు విని తిరిగిపోవుటయే వారి భాగ్యమయ్యెను. అంగవైకల్యము గలవారికి బహిరంగస్థలములు ప్రవేశయోగ్యములుగా నుండవలెనని 2016లో దేశమున నొక శాసనము వెలసినది. వారును, వారి పక్షమున బనిచేయువారును బహుకాలము కోరిన మీదట, 2022 నవంబరు 27న ఐస్ హౌస్ కెదురుగా సుమారు 263 మీటర్ల పొడవున, 3 మీటర్ల వెడల్పున, అలలకు జేరువ వఱకు ఒక కఱ్ఱబాట తెఱవబడెను. అంతకుముందెన్నడును నీటిని సమీపించి యెఱుగని పెద్దవారు కూడ దానిమీద బోయి సముద్రమును దగ్గఱగా జూచిరి. ఐస్ హౌస్ ముందునుండి సముద్రమును దూరము చేసినది మనుష్యుల కట్ట. దానిని మరల చేరువ చేసినది మనుష్యుల బాట.

రెండు వారములు గడవకమునుపే, డిసెంబరులో మాండూస్ తుపాను ఆ బాటయొక్క కొసను బాడుచేసెను. ప్రజాధనము నీటిపాలయ్యెనని యాక్షేపించినవారు లేకపోలేదు. వారి నొకటి యడుగుచున్నాము. 1881 తుపాను నౌకాశ్రయమును జెఱచినపుడు ఓడలకు ఆశ్రయమేల యని యెవరైన దానిని విడిచిపెట్టిరా? ప్రతి వర్షకాలమున మన రోడ్లు చెడుచున్నవని రోడ్లు వేయుట మానితిమా? బలవంతుని దారి చెడినచో మరమ్మతు, దుర్బలుని దారి చెడినచో వృథావ్యయము అనుట న్యాయము గాదు. ఆ బాట బాగుచేయబడి మరల తెఱవబడుట తగిన సమాధానము.

కొలదిమంది కొఱకింత వ్యయమా యనుటయు యుక్తము గాదు. చక్రముల కుర్చీ పోవు దారిమీద బిడ్డను తోపుడుబండిలో నుంచుకొన్న తల్లి పోవును, తాతగారు పోవుదురు, జ్వరపడి లేచినవాడు పోవును. సులభమైన దారికి గావలసినవి గొప్ప వింతలును గావు. పండ్రెండడుగుల పొడవునకు ఒక యడుగుకంటె మించని వాలు, పట్టుకొనుటకు గడకఱ్ఱ, నడుమనడుమ కూర్చుండుటకు బల్ల, కొంత నీడ, త్రాగునీరు, స్త్రీలకును చక్రముల కుర్చీలో వచ్చువారికిని పనికివచ్చు మరుగుదొడ్డి. వీనితోబాటు అపాయసూచన యొకటి యవశ్యకము. 2004 డిసెంబరు 26 ఉదయమున సునామీ వచ్చినపుడు మెరీనాపై నడచువారును, ఆడుకొనువారును, మత్స్యకారులును మరణించిరి. పరుగెత్తగలవారికే కాలము చాలనిచోట పరుగెత్తలేనివారిమాట వేఱుగ జెప్పనక్కఱలేదు. వారిని తీరమునకు బిలుచువారు వారిని మరల గొనిపోవు నేర్పాటును గూడ జేయవలెను.

మన తెలుగుతీరమునందును విశాఖపట్టణము, భీమునిపట్టణము, కాకినాడ, మచిలీపట్టణము మొదలగుచోట్లకు జనులు సముద్రమును జూడబోవుచునే యున్నారు. అచ్చట దారులు వేయువారు చెన్నపురి చరిత్రమును జదివి మొదటనే దుర్బలుని దలచుకొందురు గాక. అంతవఱకు గృహస్థులు చేయదగిన పని యొకటి కలదు. సెలవునాడు సముద్రమునకు బయలుదేరునపుడు ఇంటిలో నెవరిని విడిచిపోవుచున్నామని వెనుదిరిగి చూడవలెను. “ఆమె రాలేదు, నడవలేదు” అని మనము సులభముగా ననుచుందుము. నడవలేనిది ఆమెయా, నడువదగినది గానిది దారియా యని యొకమాఱు విచారించి, దారిదే లోపమైనచో పురపాలకసంఘము వారి నడుగుట మన ధర్మము.