శాసనంలో ఏడు, పండితుల లెక్క

మైలవరానికి పడమట, మన ఎన్టీఆర్ జిల్లాలోనే, జగ్గయ్యపేటలో పాత బౌద్ధ స్తూపం ఉంది. 1882లో జేమ్స్ బర్జెస్ దాన్ని పరిశీలించాడు. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 20వ ఏట సిద్ధార్థుడనే శిల్పి ఐదు ఆయక స్తంభాలు దానమిచ్చాడని అక్కడి శాసనాలు చెబుతాయి. ఆ రాజు ఏలింది క్రీ.శ. 3వ శతాబ్దిలో.

మరి స్తూపం వయసూ అంతేనా? శిల్పాల తీరును, కొన్ని పలకలపై ఉన్న పాత లిపిని బట్టి అది క్రీస్తుకు పూర్వపుదని పండితులు అంటారు. శాసనం చెప్పింది దానం జరిగిన ఏడు మాత్రమే. అది మన లెక్కలో ఏ సంవత్సరమో తెలియాలంటే రాజు ఏలుబడి ఎప్పుడు మొదలైందో తేలాలి.

లూకా 3:1లోనూ ఇలాంటి లెక్కే ఉంది: తిబెరి కైసరు ఏలుబడిలో 15వ ఏడు. ఔగుస్తు మరణించిన క్రీ.శ. 14 నుండి లెక్కిస్తే 28–29 వస్తుంది. అంతకుముందు ఇద్దరూ కలిసి ఏలిన కాలం నుండి లెక్కించేవారు రెండు మూడేళ్లు వెనక్కి వెళ్తారు. లూకా రాసిన మాట ఒక్కటే, లెక్క మొదలుపెట్టే చోటే వేరు.

కాబట్టి 'తవ్వకాలు రుజువు చేశాయి' అని ప్రసంగించే ముందు మూడు ప్రశ్నలు వేసుకుందాం. దొరికినదేమిటి? దానిమీద ఏమి రాసి ఉంది? కాలాన్ని దేన్నిబట్టి నిర్ణయించారు? ఈ మూడింటినీ కలిపేసి చెబితే, రేపు పండితుల లెక్క మారినప్పుడు మన యౌవనస్థులు వాక్యాన్నే అనుమానిస్తారు.