బడి అంతా విన్న జవాబు

1980ల మధ్యకాలం. అమెరికాలోని సెయింట్ లూయిస్. ఓ మిడిల్ స్కూలు ఆడిటోరియంలో కచేరీ సాగుతోంది. ఉన్నట్టుండి ప్రేక్షకుల్లోంచి మొరిగినట్టు ఓ అరుపు. కాసేపటికి మరొకటి. తలలన్నీ అటు తిరిగాయి. ఎవరో అందరికీ తెలుసు. బ్రాడ్ కోహెన్.

కుర్రాడు బిగబట్టుకునే కూర్చున్నాడు. కానీ తుమ్ములా తన్నుకొచ్చేదాన్ని ఎంతసేపని ఆపగలం? ఆపినకొద్దీ లోపల ఒత్తిడి పెరిగిపోతోంది.

అంతకుముందు ఓ టీచర్ అతణ్ణి తరగతి ముందు నిలబెట్టి, చప్పుళ్లు చేసినందుకు అందరికీ క్షమాపణ చెప్పించింది. ఇక చేయనని మాట కూడా తీసుకుంది. తన చేతిలో లేనిదానికి పిల్లాడు మాట ఎలా ఇస్తాడు? అమ్మానాన్నలు విడిపోవడం వల్లే ఇలా అయ్యాడన్న మాటా వచ్చింది. తల్లి నమ్మలేదు. లైబ్రరీకి వెళ్లి వైద్యగ్రంథాలు తిరగేసింది. ఒకచోట ఆగిపోయింది. అక్కడ రాసిన లక్షణాలన్నీ తన కొడుకువే. టూరెట్ సిండ్రోమ్. ఫ్రెంచి వైద్యుడు జీల్ ద లా టూరెట్ 1885లోనే వర్ణించిన నాడీ సంబంధమైన రుగ్మత.

దాన్ని పూర్తిగా నయం చేసే మందు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. అరుపులు ఆగలేదు. అయినా ఆ పేరు తెలియడమే బ్రాడ్ జీవితంలో పెద్ద మలుపని నా నమ్మకం. తప్పు తనది కాదని అతనికి మొదటిసారి రుజువు దొరికింది. తర్వాత తల్లి, టూరెట్ ఉన్నవాళ్ల సమావేశానికి తీసుకెళ్లింది. అక్కడ ఆశ వదిలేసుకున్న మనుషుల్ని చూసి, తాను మాత్రం అలా బతకకూడదని గట్టిగా అనుకున్నాడు.

కచేరీ ముగిసింది. ప్రిన్సిపల్ బ్రాడ్‌ను వేదిక మీదకు పిలిచారు. మళ్లీ క్షమాపణేనా? కాదు, ప్రశ్నలు. ఈ చప్పుళ్లు కావాలని చేస్తున్నావా? ఆపుకోగలవా? మేమేం చేయాలి? తన మెదడులోని జబ్బు వల్ల వస్తున్నాయని, ఆపడం తనవల్ల కాదని, అందరితో ఉన్నట్టే తనతోనూ ఉంటే చాలని బ్రాడ్ బడి మొత్తానికీ చెప్పాడు. చప్పట్లు మోగాయి.

పెద్దయ్యాక, తనను అర్థం చేసుకున్న ఆ ప్రిన్సిపల్ లాంటి గురువు తానూ కావాలనుకున్నాడు. 24 బడులు ఉద్యోగం లేదన్నాయి. 25వది, జార్జియాలోని మౌంటెన్ వ్యూ ఎలిమెంటరీ, రమ్మంది. 1997లో ఆ రాష్ట్రంలో ఉత్తమ కొత్త ఉపాధ్యాయుడి పురస్కారం అందుకున్నాడు. 2018లో రాణీ ముఖర్జీ నటించిన 'హిచ్‌కీ' సినిమాకు ఆధారం అతని ఆత్మకథే.

మన ఇళ్లలోనూ అదేపనిగా కళ్లు ఆర్పే, భుజం ఎగరేసే, గొంతులో శబ్దాలు చేసే పిల్లలున్నారు. కోతిచేష్టలని కొడతాం, దిష్టి అని తాయెత్తు కడతాం. టూరెట్ అంటే బూతులు తిట్టడమే అనుకునేవాళ్లూ ఉన్నారు. ఆ లక్షణం కొద్దిమందిలోనే ఉంటుంది. కొందరు పిల్లల్లో ఈ కదలికలు నెలల్లోనే పోతాయి. ఏడాది దాటినా పోకపోతే న్యూరాలజిస్టుకు చూపించండి. డాక్టర్ చెప్పింది బడిలో టీచరుకు చెప్పండి, అదీ పిల్లాడి ఎదుటే.