మైనపు అచ్చు నుంచి సిలికాన్ వేఫర్ దాకా: రాగి పూత తొట్టి కథ



ఖరగ్‌పూర్ రైలు పట్టణంలో ప్రేమ్ బజార్ అనే పేట ఉంది. ఐఐటీ ప్రాంగణానికి ఉన్న గేట్లలో ఒకదాన్ని ఆ పేరుతోనే పిలుస్తారు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచి ఈ ఊళ్లో తెలుగు కుటుంబాలు స్థిరపడి ఉన్నాయి. ఆ ఇళ్ల పిల్లలు కొందరు సాయంత్రం పూట సైన్సు ప్రయోగాల కోసం నా దగ్గరికి వచ్చేవారు. ఒకసారి నాణెం ముద్రను మైనంలో తీసి, దాని మీద రాగి పూత వేద్దామనుకున్నాం. మైనంలో కరెంటు పారదు కాబట్టి దాని మీద గ్రాఫైట్ పొడి బాగా రుద్దాం. మైలుతుత్తం ద్రావణంలో ముంచి, ఒక అంచున క్లిప్పు తగిలించి, టార్చి సెల్లు కలిపాం. గంట తర్వాత తీసి చూస్తే క్లిప్పు చుట్టూ అర్ధచంద్రాకారంలో ఎర్రటి రాగి కనిపించింది. మిగతా అచ్చంతా నల్లగానే ఉంది. పొడి సరిగా రుద్దలేదని పిల్లల్ని నేనే కోప్పడ్డాను.

తప్పు వాళ్లది కాదు. వాళ్లు బాగానే రుద్దారు. మా తొట్టిలో కనిపించిన ఆ లోపమే నేటి కంప్యూటర్ చిప్‌లు తయారుచేసే కార్ఖానాల్లో ఇంజనీర్లకు పాతికేళ్లకు పైగా పని కల్పిస్తూ వస్తోంది. చిప్‌లోని రాగి తీగలను కూడా ఇలాంటి ద్రావణంలోనే పెంచుతారు. ఆ తొట్టి రూపం ఎలా మారుతూ వచ్చిందో ఈ పాఠంలో తెలుసుకుందాం.

మొదట కాస్త వెనక్కి వెళ్దాం. కరెంటుతో రాగిని అచ్చు మీద పేర్చవచ్చునని 1838లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉన్న మోరిట్జ్ యాకోబీ చూపించాడు. 1840లో ఇంగ్లండులో రాబర్ట్ మర్రే అనే ఆయన ఒక చిట్కా చెప్పాడు. మైనం వంటి అవాహకాల మీద గ్రాఫైట్ పొడి పూస్తే వాటి మీద కూడా లోహం పేరుకుంటుందన్నాడు. మేము చేసింది ఆయన చిట్కానే. అదే ఏడాది బర్మింగ్‌హామ్‌లో ఎల్కింగ్టన్‌లు వెండి, బంగారు పూతలకు పేటెంటు తీసుకున్నారు. మన బందరు పక్కనున్న చిలకలపూడి గిల్టు నగలు మీకు తెలిసినవే. వాటికి మెరుపు తెచ్చే పూత కూడా ఈ కుటుంబానికి చెందినదే.

ఎంత కరెంటుకు ఎంత లోహం పేరుకుంటుందో మైకేల్ ఫారడే 1830లలోనే లెక్క కట్టి ఇచ్చాడు. ఇంటర్మీడియట్‌లో మీరు చదివే ఫారడే నియమాలు అవే. అయితే ఆ నియమాలు మొత్తం ఎంత లోహం వస్తుందో మాత్రమే చెబుతాయి. అది వస్తువు మీద ఎక్కడ ఎంత మందాన కూర్చుంటుందో చెప్పవు. తొట్టి రూపకల్పనలో చిక్కంతా ఈ రెండో ప్రశ్నలోనే ఉంది. కరెంటు తనకు సులువైన దారినే ఎక్కువగా వెళ్తుంది. అంచుల దగ్గర, మొనల దగ్గర అది గుమిగూడుతుంది. అందుకే పూత అంచున దళసరిగానూ, గుంటలో పలుచగానూ పడుతుంది.

పాతకాలపు పూత పనివాళ్లు దీనికి అనుభవంతో ఉపాయాలు కనిపెట్టారు. వస్తువును కదుపుతూ ఉండేవారు. అంచుకు ఎదురుగా అడ్డు పలకలు పెట్టేవారు. పక్కన ఒక వృథా లోహపు తీగను వేలాడదీసి, అంచుకు రావలసిన అదనపు కరెంటును దానికి మళ్లించేవారు. ఇంగ్లీషులో ఆ తీగను థీఫ్ అంటారు. అంటే దొంగ! ఆ మాట ఈనాటికీ చిప్ కార్ఖానాల్లో వాడుకలో ఉంది. 1930ల చివర అమెరికాలో రిచర్డ్ హల్ ఒక వైపు ఏటవాలుగా ఉండే చిన్న తొట్టిని తయారుచేశాడు. ఒకే రేకు మీద ఎక్కువ కరెంటు నుంచి తక్కువ కరెంటు దాకా అన్ని స్థాయిల్లో పూత ఎలా వస్తుందో అందులో చూడవచ్చు. అందులో పట్టేది 267 మిల్లీలీటర్లు. ఈ వింత సంఖ్య ఎందుకంటే, అందులో 2 గ్రాముల రసాయనం కలిపితే పెద్ద తొట్టిలో గాలనుకు ఒక ఔన్సు కలిపినట్లవుతుంది. మన దేశంలోనూ పూత పరిశ్రమలకు సంబంధించిన ప్రయోగశాలల్లో ఈ హల్ సెల్ కనిపిస్తుంది.

ఇక ఎలక్ట్రానిక్స్ సంగతి. ఐబీఎం సంస్థలో లుబోమిర్ రోమన్‌కివ్ బృందం కంప్యూటర్ డిస్కులను చదివే అయస్కాంత హెడ్‌ల కోసం నికెల్, ఇనుము మిశ్రమాన్ని పూతగా వేయడం మొదలుపెట్టింది. ఆ మిశ్రమంలో రెండు లోహాల పాళ్లు పళ్లెమంతటా ఒకేలా ఉండాలి. కొద్దిగా తేడా వచ్చినా హెడ్ పనికిరాదు. అందుకని వాళ్లు ద్రావణాన్ని ఊరికే గిలకొట్టకుండా, పళ్లెం ఉపరితలానికి అతి దగ్గరగా ఒక తెడ్డు అటూ ఇటూ ఒకే వేగంతో కదిలే తొట్టిని 1970ల తొలినాళ్లలో రూపొందించారు. చుట్టూ ఒక ‘దొంగ’ పలక కూడా ఉంటుంది. 1979లో వచ్చిన ఐబీఎం 3370 డిస్కు యంత్రంలో ఈ హెడ్‌లు వాడారు. పూత పని చేతివృత్తి నుంచి సూక్ష్మ యంత్ర విద్యగా మారిన ఘట్టాల్లో దీన్ని ముఖ్యమైనదిగా నేను లెక్కిస్తాను. చిప్‌ల చరిత్ర రాసేవాళ్లు దీన్ని తరచు దాటేసి వెళ్తారు.

అయినా చిప్ లోపలి తీగల జోలికి మాత్రం పూత చాలాకాలం వెళ్లలేదు. ఆ తీగలు అల్యూమినియంతో చేసేవారు. గది ఉష్ణోగ్రతలో అల్యూమినియం నిరోధకత సుమారు 2.65 మైక్రో ఓమ్ సెంటీమీటర్లు. రాగిది 1.68. అంటే సుమారు మూడో వంతు కంటే ఎక్కువే తగ్గుదల. పైగా తీగలు సన్నబడేకొద్దీ ఎలక్ట్రాన్ల ఒరవడికి అల్యూమినియం పరమాణువులు కొట్టుకుపోయి తీగ తెగిపోయేది. రాగి ఇంతకంటే గట్టిగా నిలబడుతుంది. మరి రాగి ఎందుకు వాడలేదు? సిలికాన్‌కు రాగి విషం. అది సిలికాన్‌లోకి చాలా వేగంగా చొరబడి ట్రాన్సిస్టర్లను పాడుచేస్తుంది. రెండో ఇబ్బంది కూడా ఉంది. అల్యూమినియం పొరను వాయువులతో తినిపించి తీగలుగా చెక్కవచ్చు. రాగి అలా సులువుగా లొంగదు. ఇక దుమ్ము కణాన్ని కూడా రానివ్వని శుభ్రమైన గదిలోకి మైలుతుత్తం తొట్టి తెస్తానంటే ఎవరు ఒప్పుకుంటారు?

చెక్కలేని లోహాన్ని ఏం చేయాలి? మన బీదరు పనివాళ్లను అడిగితే చెప్పేవారు. బిద్రీ హుక్కా మీద ముందు గాడి చెక్కుతారు, అందులో వెండి పొదుగుతారు, తర్వాత నునుపుగా రుద్దుతారు. డమాస్కస్ నగరంలోని ఇలాంటి పొదుగు పని పేరు మీదుగా చిప్ ఇంజనీర్లు తమ పద్ధతిని డమసీన్ అన్నారు. ముందు అవాహకంలో గాడులు చెక్కాలి. రాగి బయటికి పోకుండా టాంటలం వంటి అడ్డుపొర వేయాలి. దాని మీద అతి పలుచని రాగి పొర వేయాలి. దీన్ని సీడ్, అంటే విత్తన పొర అంటారు. మర్రే చెప్పిన గ్రాఫైట్ పొడి చేసిన పనినే ఇది చేస్తుంది. అప్పుడు తొట్టిలో ముంచి గాడులు నింపి, పైన మిగిలిన రాగిని రుద్ది తీసేయాలి.

గాడి నింపడమే పెద్ద పరీక్ష. అర మైక్రాను కంటే సన్నని గాడి అది. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు ఉంటుందని గుర్తుంచుకోండి. అంచు దగ్గరే పూత ఎక్కువ పడుతుందని ఇందాక చెప్పుకున్నాం. గాడి నోటి దగ్గర రాగి ముందే పేరుకుని మూసుకుపోతే లోపల ఖాళీ మిగిలిపోతుంది. ఐబీఎంలో పానోస్ ఆండ్రికాకోస్, సిప్రియన్ ఉజో, జాన్ డుకోవిచ్, జీన్ హార్కన్స్, హరిక్లియా డెలిజియాని 1998లో ప్రచురించిన పరిశోధన పత్రం దీనికి జవాబు చెప్పింది. ద్రావణంలో రవంత సేంద్రియ పదార్థాలు కలిపితే రాగి గాడి అడుగు నుంచి పైకి నిండుతుందని చూపింది. ఒక పదార్థం పూతను అణచి ఉంచుతుంది, మరొకటి వేగం పెంచుతుంది. అడుగు భాగం నిండుతూ వైశాల్యం కుంచించుకుపోయేకొద్దీ వేగం పెంచే అణువులు అక్కడ చిక్కబడతాయి. ఈ వివరణను 2001లో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్‌కు చెందిన థామస్ మోఫాట్, డేనియల్ జోసెల్ బృందం సమీకరణాల రూపంలో పెట్టింది. పని ముందు కుదిరింది, పూర్తి వివరణ తర్వాత దొరికింది. సైన్సు చరిత్రలో ఇది అరుదేమీ కాదు.

ఐబీఎం రాగి తీగల చిప్‌లను 1997 సెప్టెంబరులో ప్రకటించింది. 1998లో అవి మార్కెట్‌లోకి వచ్చాయి. అదే ఏడాది నోవెల్లస్ అనే సంస్థ సేబర్ పేరుతో రాగి పూత యంత్రాన్ని తెచ్చింది. ఈ యంత్రాల లోపల ఏముంటుందో చూద్దాం.

వేఫర్ అంటే గుండ్రని సిలికాన్ పళ్లెం. దాన్ని బోర్లా తిప్పి పట్టుకుంటారు. కింది నుంచి ద్రావణం ఊటలా పైకి వచ్చి దాని ముఖాన్ని తాకుతుంది. వేఫర్ నెమ్మదిగా తిరుగుతూ ఉంటుంది. ద్రావణంలోకి దించేటప్పుడు కాస్త ఏటవాలుగా దించుతారు, లేకపోతే కింద గాలి బుడగలు చిక్కుకుంటాయి. ఆమ్లం విత్తన పొరను తినేయకుండా దించే క్షణానికే వోల్టేజి ఇచ్చి ఉంచుతారు. కరెంటు అందించే పిన్నులు అంచు చుట్టూ ఉంటాయి, వాటిని ద్రావణం తాకకుండా రబ్బరు సీలు కాపాడుతుంది.

ఒక లెక్క వేద్దాం. వేఫర్ వ్యాసం 300 మిల్లీమీటర్లు. వైశాల్యం సుమారు 707 చదరపు సెంటీమీటర్లు. ఒక మైక్రాను మందం రాగి కావాలంటే 0.63 గ్రాము రాగి చాలు. ఫారడే నియమం ప్రకారం అందుకు సుమారు 1920 కూలుంబులు కావాలి. చదరపు సెంటీమీటరుకు 10 మిల్లీ ఆంపియర్లు ఇస్తే మొత్తం 7 ఆంపియర్లు. సమయం సుమారు నాలుగున్నర నిమిషాలు. అంకెలు ఎంత చిన్నవో చూశారా? కష్టం పరిమాణంలో లేదు, పంపకంలో ఉంది.

కరెంటు అంచున ప్రవేశిస్తుంది. విత్తన పొర మందం 100 నానోమీటర్లు, ఇటీవలి చిప్‌లలో అంతకన్నా బాగా తక్కువ. అంత పలుచని పొరలో అంచు నుంచి మధ్యకు చేరేసరికి వోల్టేజి పడిపోతుంది. అంచున రాగి లావుగా, మధ్యలో సన్నగా వస్తుంది. దీన్ని టెర్మినల్ ఎఫెక్ట్ అంటారు. మా మైనపు అచ్చు మీద అర్ధచంద్రుడు వచ్చింది ఇందుకే!

కాలువ కింద వ్యవసాయం తెలిసినవాళ్లకు ఇది సులువుగా అర్థమవుతుంది. కాలువ మొదట్లో ఉన్న పొలానికి నీరు పుష్కలం, చివరి ఆయకట్టుకు చుక్క రాదు. అందరికీ సమానంగా రావాలంటే ఏం చేస్తాం? ప్రతి పొలానికీ ఇరుకైన తూము పెడతాం. తూములో అడ్డే ఎక్కువైనప్పుడు కాలువలో మొదలు, చివర తేడా పెద్దగా లెక్కలోకి రాదు. పూత యంత్రంలో కూడా వేఫర్‌కు ఎదురుగా వేలాది సన్నని రంధ్రాలున్న పలకను పెడతారు. ప్రతి రంధ్రం ఒక తూమే. సెమిటూల్ అనే సంస్థ వేరే దారి పట్టింది. ఒకే ఆనోడుకు బదులు వలయాలుగా అనేక ఆనోడులు పెట్టి, ఒక్కొక్కదానికి విడిగా కరెంటు ఇచ్చింది. దీనిలో ఒక సుగుణం ఉంది. పూత పడేకొద్దీ రాగి పొర దళసరెక్కి నిరోధం తగ్గుతుంది, అంటే సమస్య క్షణక్షణానికీ మారిపోతుంది. వలయాలకిచ్చే కరెంటును కూడా దానికి తగ్గట్టు మార్చుకోవచ్చు. ఆమ్లం పాలు తగ్గించి ద్రావణం నిరోధాన్ని పెంచడం ఇంకో ఉపాయం. మామూలు పూత తొట్టిలో ద్రావణం నిరోధం ఎంత తక్కువుంటే అంత మేలంటారు. ఇక్కడ ఆ లెక్క తిరగబడింది.

తర్వాత సెమిటూల్‌ను 2009లో అప్లైడ్ మెటీరియల్స్, నోవెల్లస్‌ను 2012లో లామ్ రీసెర్చ్ తమలో కలుపుకున్నాయి.

మన దేశం సంగతేమిటి? పూత శాస్త్రంలో మనం వెనుకబడి మొదలవ్వలేదు. తమిళనాడులోని కారైక్కుడిలో కేంద్ర విద్యుద్రసాయన పరిశోధన సంస్థకు 1948లోనే పునాది వేశారు. ఐఐటీలలో మొదటిది 1951లో ఇక్కడే హిజ్లీలో, బ్రిటిష్‌వారి నిర్బంధ శిబిరం భవనంలో ప్రారంభమైంది. మొహాలీలోని సెమికండక్టర్ కాంప్లెక్స్‌లో 1980లలో చిప్‌ల తయారీ మొదలైంది. అయితే 1989లో జరిగిన అగ్నిప్రమాదం దాన్ని దెబ్బతీసింది. ప్రపంచం అల్యూమినియం నుంచి రాగికి మారిన ఆ కీలకమైన పదేళ్లలో మన దగ్గర ఆ మార్పుకు తగ్గ కార్ఖానా లేకపోయింది. పూత తెలిసినవాళ్లు ఒకచోట, చిప్ తెలిసినవాళ్లు మరోచోట ఉండిపోయారు. డబ్బు కొరత కంటే ఇదే పెద్ద నష్టమని నా అభిప్రాయం. 2024 మార్చిలో గుజరాత్‌లోని ధోలేరాలో టాటా, తైవాన్‌కు చెందిన పీఎస్‌ఎంసీ కలిసి తలపెట్టిన చిప్ కార్ఖానాకు శంకుస్థాపన జరిగింది. అక్కడ తయారుచేస్తామన్న వాటిలో 28 నానోమీటర్ల చిప్‌లు ఉన్నాయి. వాటిలో తీగలు రాగివే. ఆ తొట్టెలను నడపడానికి, బాగుచేయడానికి, ఏదో ఒకనాడు ఇక్కడే తయారుచేయడానికి రసాయనమూ యంత్రవిద్యా రెండూ తెలిసిన మనుషులు కావాలి.

ఇక మా మైనపు అచ్చు దగ్గరికి వద్దాం. మర్నాడు ఒక అమ్మాయి, ‘‘మాస్టారూ, ఒక్క క్లిప్పు బదులు చుట్టూ తీగ చుడదామా?’’ అంది. అంచు చుట్టూ రాగి తీగ బిగించాం. ఈసారి అంచంతా ఎర్రబడి, మధ్యలో నల్లటి బొట్టు మిగిలింది. అప్పుడు సెల్లుకు వరుసలో ఒక నిరోధం కలిపి కరెంటు బాగా తగ్గించాం. రాత్రంతా అలాగే వదిలేశాం. తెల్లారేసరికి నాణెం మీది సింహాల తలలు కూడా రాగితో కప్పబడి ఉన్నాయి. మీరు చేసేటట్లయితే పెద్దవాళ్లను దగ్గర ఉంచుకోండి. మైలుతుత్తం విషం, చేతులకు తొడుగులు వేసుకోండి. ద్రావణాన్ని మోరీలో పారబోయకుండా మీ స్కూలు ప్రయోగశాలలో అప్పగించండి. కరెంటు ఎంత ఉన్నప్పుడు మధ్య బొట్టు ఎంత మిగిలిందో ప్రతిసారీ స్కేలుతో కొలిచి రాసుకోండి.