డీఈపీ: పేరు మారినా పోని మాట

ఆఫీసు కొన్న మ్యాక్‌ను తొలిసారి తెరవగానే అది దానంతటదే సంస్థ అజమాయిషీలోకి చేరే ఏర్పాటుకు ఆపిల్ 2014లో పెట్టిన పేరు డివైస్ ఎన్‌రోల్‌మెంట్ ప్రోగ్రామ్, పొట్టిగా డీఈపీ. 2018లో ఆపిల్ బిజినెస్ మేనేజర్ వచ్చాక అది ఆటోమేటెడ్ డివైస్ ఎన్‌రోల్‌మెంట్‌గా మారింది. అడ్మిన్ల నోట మాత్రం పాతదే. ఇది ఒట్టి అలవాటు కాదు: మ్యాక్‌లో ప్రొఫైల్స్ ఆదేశంతో నమోదు స్థితి అడిగితే ‘ఎన్‌రోల్డ్ వయా డీఈపీ’ అనే వరుస కనబడేది. యంత్రమే మరవని మాటను మనిషి మరవాలట! కొత్తవాళ్లు తికమకపడతారన్న అభ్యంతరంలో నిజముంది. కానీ పాత పేరు పూర్తిగా తీసేస్తే ఆ జవాబే వాళ్లకు అంతుబట్టదు. రెండూ పక్కపక్కనే రాయడం మేలు. జిల్లా పేర్ల సంగతీ అంతే: 1989లో తమిళనాడులోని ఉత్తర ఆర్కాటు జిల్లా విడిపోయినంత మాత్రాన, ఆ పేరున్న వేలూరు, గుడియాత్తం దస్తావేజులు చెల్లకుండా పోలేదు.