చైనా చెక్క అచ్చు ముద్రణ: చేతితోనే అబ్బే విద్య

చెక్క పలకపై బొమ్మ చెక్కి, సిరా పూసి, కాగితంపై ముద్రించే కళకు చైనాలో వెయ్యేళ్లకు మించిన చరిత్ర ఉంది. తేదీ స్పష్టంగా ఉన్న ముద్రిత గ్రంథాల్లో అతి ప్రాచీనమైన ‘వజ్రసూత్రం’ క్రీ.శ. 868లో ఈ పద్ధతిలోనే వెలువడింది. దున్‌హువాంగ్ గుహల్లో లభించిన ఆ ప్రతి నేడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. ఈ ముద్రణ విద్యను 2009లో యునెస్కో అభౌతిక సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. గురువు పక్కన కూర్చుని చేసి నేర్చుకుంటే తప్ప ఈ విద్య పట్టుబడదు. నేర్చుకునేవారు లేకపోతే పలకలు మిగులుతాయి గాని పనితనం మిగలదు.

పని జరిగే తీరు

ముందుగా పలుచని కాగితంపై బొమ్మ గీస్తారు. దానిని పియర్ లేదా రేగు జాతి చెక్క పలకపై బోర్లా అతికిస్తారు. కాగితాన్ని మెల్లగా రుద్ది తొలగిస్తే గీతలు పలకపై తిరగబడి నిలుస్తాయి. గీత ఉన్నచోటు వదిలి మిగిలిన చెక్కను కత్తితో తొలగిస్తారు. నీటితో కలిపిన సిరాను కుంచెతో పూసి, పైన కాగితం పరచి, వెనుక నుంచి తాటి జాతి పీచు చుట్టిన సాధనంతో రుద్దుతారు. దీనికి యంత్రం అక్కరలేదు.

రంగుల బొమ్మకు ప్రతి రంగుకూ వేరే పలక కావాలి. కాగితాల కట్టను బల్లకు ఒకవైపు బిగించి, ఒక్కొక్క కాగితాన్నే పలకపైకి లాగి ముద్రిస్తారు. అందువల్ల రంగులు చెదరవు. నాన్‌జింగ్‌కు చెందిన హు జెంగ్‌యాన్ 1633లో వెలువరించిన ‘పది వెదురుల మందిరం’ చిత్రసంపుటి ఈ బహువర్ణ ముద్రణకు ప్రసిద్ధ ఉదాహరణ.

తరగతిలో మొదటి పాఠం కత్తి పట్టడమే. రెండవ చేయి ఎప్పుడూ కత్తి మొనకు వెనుకే ఉండాలి. ఒకసారి తెగిన గీతను తిరిగి అతికించడం కష్టం. సిరా ఎక్కువైతే గీతలు పూడిపోతాయి, తక్కువైతే ముద్ర వెలవెలబోతుంది. ఆ పాళ్లు చేతికి తెలియాలి.

ఆరు రోజుల తరగతి

1931 ఆగస్టులో రచయిత లు షున్ షాంఘైలో 13 మంది యువకులకు ఆరు రోజుల తరగతి ఏర్పాటు చేశారు. జపాన్‌కు చెందిన ఉచియామా కకిచి బోధించగా, లు షున్ స్వయంగా అనువదించారు. సంప్రదాయ పద్ధతికి భిన్నంగా ఇక్కడ చిత్రకారుడే గీసి, చెక్కి, ముద్రించేవాడు. చైనా ఆధునిక చెక్క అచ్చు ఉద్యమానికి ఇది నాంది అయింది.

ఆ ఉద్యమ ప్రభావం బెంగాల్‌కూ చేరింది. నేడు ఖరగ్‌పూర్ ఉన్న మేదినీపూర్ ప్రాంతంలో 1943 కరవు దృశ్యాలను చిత్తప్రసాద్ చిత్రించారు. వాటితో వెలువడిన ‘హంగ్రీ బెంగాల్’ ప్రతులను బ్రిటిష్ ప్రభుత్వం ధ్వంసం చేసింది. 1946 నాటి తెభాగా రైతు ఉద్యమాన్ని చెక్క అచ్చుల్లో నిలిపిన సోమ్‌నాథ్ హోర్ తర్వాత శాంతినికేతన్ కళాభవన్‌లో ముద్రణ చిత్రకళ విభాగానికి సారథ్యం వహించారు.

తెలుగువారి బంధం

1919లో ఆరంభమైన కళాభవన్‌లో చైనా కళపై ఆసక్తి మొదటి నుంచీ ఉంది. నందలాల్ బోస్ 1924లో రవీంద్రనాథ్ ఠాగూర్ వెంట చైనా వెళ్లారు. చైనా భవన్ 1937లో ప్రారంభమైంది. చిత్తూరు జిల్లా నుంచి వచ్చిన కృష్ణారెడ్డి 1940వ దశకంలో కళాభవన్‌లో చదివి, పారిస్‌లోని అటెలియే 17లో ఒకే లోహపు పలకతో పలు రంగులు ముద్రించే పద్ధతిని అభివృద్ధి చేసినవారిలో ప్రముఖులయ్యారు. కృష్ణా జిల్లా పెడనలో కలంకారీ వస్త్రాలకు నేటికీ టేకు అచ్చులు చెక్కుతున్నారు.

రైల్వే ఉద్యోగాల కోసం వచ్చి ఖరగ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగువారి భాషకు అధికార భాష హోదా కల్పించేందుకు 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ముద్రణ చిత్రకళను డిగ్రీ స్థాయిలో బోధించే కళాభవన్‌కు ఇక్కడి నుంచి హౌరా మీదుగా బోల్‌పూర్ చేరి వెళ్లవచ్చు. ఇంటి వద్ద ప్రారంభించేవారు మెత్తని చెక్కపై ఒకే రంగుతో, ఒక తెలుగు అక్షరంతో మొదలుపెట్టవచ్చు. మన లిపిలోని వంపులు చెక్క పోగులకు అడ్డుగా, నిలువుగా రెండు విధాలా సాగుతాయి గనుక కత్తి అదుపు త్వరగా అలవడుతుంది.