ముళ్ల సీమలో సైకిలు వాల్వు
1888లో డన్లప్ గాలి టైరు చేశాక, ఆ గాలిని లోపలే నిలపడం సమస్య అయింది. 1891 నాటి వుడ్స్ వాల్వు దాన్ని తీర్చింది: ఇత్తడి ముక్కుకు తొడిగిన చిన్న రబ్బరు గొట్టం గాలిని లోపలికి పోనిస్తుంది, బయటికి రానివ్వదు. 1956లో లూధియానాలో మొదలైన హీరో వంటి కంపెనీలు ఇలాంటి వాల్వున్న సైకిళ్లను పల్లెలకు చేర్చాయి.

మడకశిర వంటి కరువు నేలలో టైరుకు శత్రువు తుమ్మముల్లు. పంక్చరు అంగడిలో ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచితే బుడగలు లేచినచోటే చిల్లు. ఒక్కోసారి ట్యూబు బాగానే ఉంటుంది, బుడగలు వాల్వు దగ్గరే లేస్తాయి. అప్పుడు ఎండకు పగిలిన ఆ రబ్బరు మారిస్తే చాలు. ఎంత సులువు!

కొండదారుల సైకిళ్ల ట్యూబ్‌లెస్ టైర్లలో మాత్రం వాల్వు నేరుగా రిమ్ముకే బిగుస్తుంది. దాని అడుగు రబ్బరు రిమ్ము ఆకారానికి సరిపోవాలి. లోపలి భాగం ఊడదీసే రకమైతే అక్కడినుంచే సీలెంటు పోయవచ్చు. ముల్లు చేసిన చిల్లును ఆ ద్రవమే పూడుస్తుంది.