తొలి తెలుగు కథలలో ధీరవనిత

పూర్వము మన కథలలో స్త్రీని తరచుగా రెండు మూసలలోనే పోయుచుండిరి. మారుమాటాడక సర్వమును సహించునది ఉత్తమ ఇల్లాలు. మాటకు బదులు చెప్పునది గయ్యాళి. వివేకముతో నోరు విప్పిన స్త్రీకి ఈ రెంటి నడుమ చోటు అరుదు. అట్టి చోటును కల్పించినవారిలో భండారు అచ్చమాంబగారు ముందుగా స్మరింపదగినవారు.

1874లో నాటి కృష్ణామండలమునందలి పెనుగంచిప్రోలున జన్మించిన ఆమెకు బడిచదువు లేదు. బాల్యముననే వివాహమయ్యెను. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావుగారి తోడ్పాటుతో తెలుగు, హిందీ, మరాఠీ నేర్చిరి. స్త్రీలు బలహీనులు, అవివేకులు అను అపవాదు అసత్యమని చూపుటకై విదుషీమణుల, వీరవనితల జీవితములను సేకరించి 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రచించిరి. 1901లో వెలువడిన ఆ గ్రంథము పేరునందు 'అబల' యున్నది. లోపలి చరిత్రములన్నియు ఆ మాటను ఖండించునవే.

మరుసటి యేడు, 1902లో, 'హిందూసుందరి' పత్రికలో ఆమె వ్రాసిన 'ధనత్రయోదశి' కథ ప్రకటితమయ్యెను. దీపావళి పండుగ వచ్చినది, ఇంట పేదరికము. భర్త పరుల సొమ్మునకు ఆశపడగా, భార్య విజయలక్ష్మి అతనిని మందలించి ధర్మమార్గమునకు మరలించును. ఆమె మౌనముగా సహింపలేదు, గయ్యాళియు కాలేదు.

గురజాడ అప్పారావుగారి 'దిద్దుబాటు' 1910లో వచ్చినది. అందు కమలిని ఒక ఉత్తరము వ్రాసిపెట్టి, మంచము క్రింద దాగి, దారి తప్పిన భర్తకు బుద్ధి చెప్పును. చిరకాలము ఇదియే తొలి తెలుగు కథయని ప్రసిద్ధి. తరువాతి పరిశోధకులు పాత సంచికలను వెదకి, ఎనిమిదేండ్లు ముందటి అచ్చమాంబగారి కథను వెలుగులోనికి తెచ్చిరి.

అయినను ఒక లోటు గమనింపదగును. ఈ ఇరువురు నాయికల తెలివియు భర్తలను దిద్దుటకే వినియోగపడినది. తమకొరకు వారేమి కోరిరో ఆ కథలు చెప్పవు. ఆ ప్రశ్న తరువాతి తరములకు మిగిలినది.

అచ్చమాంబగారు 1905లో, ముప్పది యేండ్ల ప్రాయముననే మరణించిరి. ఆమె గ్రంథము వెలువడిన 1901లోనే లక్ష్మణరావుగారు మిత్రులతో గూడి హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును స్థాపించిరి. అక్క గ్రంథము వ్రాసినది. తమ్ముడు గ్రంథములకు ఇల్లు కట్టినాడు. ఒక కథ బ్రతుకవలెనన్న వ్రాయు చేయి ఒక్కటి చాలదు, దాచు చేయియు కావలెను. ఈ గ్రంథాలయము అట్టి చేయి. మన యిండ్ల అటకలమీది పాత పత్రికలను తూకమునకు వేయకముందు ఒకసారి విప్పి చూతము. మరచిపోయిన మరియొక రచయిత్రి అందుండవచ్చును.